ఆట మానకండి, మధ్యమధ్య లేవండి

ప్రశ్న: నా వయసు 64. రిటైరై ఆరేళ్లయింది. పదేళ్లుగా చక్కెర వ్యాధి, రక్తపోటు ఉన్నాయి. మాత్రలు క్రమం తప్పకుండా వాడుతున్నాను. మా వీధిలోనే ఉండే ఒక మిత్రుడూ నేనూ ప్రతి ఆదివారం భోజనాలయ్యాక 'వార్ ఎట్ సీ' అనే ఆట ఆడుకుంటాం. రెండో ప్రపంచ యుద్ధంలో అట్లాంటిక్ సముద్రంలో జరిగిన నౌకా యుద్ధాన్ని అట్ట మీద పాచికలతో ఆడే ఆట అది. మా అబ్బాయి అమెరికా నుంచి తెచ్చాడు. ఒకరిది బ్రిటన్ పక్షం, ఇంకొకరిది జర్మనీ పక్షం. ఒక ఆట అయ్యాక పక్షాలు మార్చుకుని మళ్లీ మొదలుపెడతాం. మంచం మీద కాళ్లు మడుచుకుని కూర్చున్నామంటే ఐదారు గంటలు లేవం. పోయిన ఆదివారం లేచేసరికి నా ఎడమ పిక్క పట్టేసింది. మర్నాటికి వాచింది. ముట్టుకుంటే నొప్పి. కుడికాలు బాగానే ఉంది. ఏ తైలంతో మర్దన చేయించుకోవాలి? "ఈ వయసులో మీకు యుద్ధాలేమిటి, కట్టిపెట్టండి" అని మా ఆవిడ పోరుతోంది. నా మిత్రుడికి భార్య పోయి నాలుగు నెలలైంది. ఆదివారం మా ఇంటికి రావడం తప్ప ఆయన గడప దాటడం లేదు. మేము ఆట మానేయాలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ ఉత్తరం అందిన రోజే, వెంటనే ఆసుపత్రికి వెళ్లమని మీకు విడిగా కబురు పంపాం. ఇదే బాధ ఉండి, ఏ తైలం రాయాలా అని ఆలోచించే పాఠకులు ఇంకా చాలామంది ఉంటారు గనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

తైలం వద్దు

చాలాసేపు కదలకుండా కూర్చున్నాక ఒక్క కాలే వాచి, పిక్కలో నొప్పి ఉంటే, లోపలి సిరలో నెత్తురు గడ్డ కట్టిందేమోనని ముందు అనుమానించాలి. కండరం పట్టేసి ఉండవచ్చు. చక్కెర వ్యాధి ఉన్నవారిలో వేళ్ల సందున చిన్న పుండుపడి, చీము చేరి కాలు వాచి ఉండవచ్చు. ఏది అన్నది ఉత్తరం చూసి ఏ డాక్టరూ చెప్పలేడు. డాప్లర్ స్కాన్ అనే పరీక్షలో తెలుస్తుంది. సూది ఉండదు, నొప్పి ఉండదు.

అది తేలేదాకా మర్దన చేయించవద్దు. గడ్డ ఉంటే, పిసికినప్పుడు అందులోంచి ఒక ముక్క ఊడి, రక్తంతోపాటు వెళ్లి ఊపిరితిత్తుల్లో అడ్డుపడవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీల్చినప్పుడు గుండెలో పోటు, కళ్లెలో నెత్తురు, స్పృహ తప్పడం, వీటిలో ఏది కనిపించినా క్షణం ఆలస్యం చేయక 108కి ఫోను చేయాలి. గడ్డ అని తేలితే భయపడనక్కరలేదు. నెత్తురు గడ్డ కట్టకుండా చూసే మాత్రలు సాధారణంగా కనీసం మూడు నెలలు ఇస్తారు. వాటిని మధ్యలో సొంతంగా ఆపకూడదు.

రెండు కాళ్లూ సమానంగా వాస్తే కారణం వేరుగా ఉంటుంది. గుండె, మూత్రపిండాలు, కొన్ని రక్తపోటు మాత్రలు కూడా అలా చేస్తాయి. దాన్నీ డాక్టరుకు చూపించుకోవలసిందే.

పిక్క చేసే పని

కాళ్లలోని నెత్తురు పైకి, గుండె దాకా ఎక్కి రావాలి. గుండె ఒక్కటే దాన్ని లాగలేదు. మనం నడిచినప్పుడల్లా పిక్క కండరాలు బిగిసి, సిరలను నొక్కి, నెత్తురును పైకి నెడతాయి. పిక్కను రెండో గుండె అనడం అందుకే. కాళ్లు మడుచుకుని ఐదు గంటలు కూర్చుంటే ఆ పంపు ఆగిపోతుంది. పైగా మోకాలి వెనుక సిరలు నొక్కుకుపోతాయి.

మీరు ఆడే యుద్ధకాలంలోనే ఈ సంగతి బయటపడింది. 1940లో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు జనం రాత్రంతా ఆశ్రయాల్లో మడత కుర్చీల్లో కూర్చునేవారు. బాంబు తగలకుండానే కొందరు హఠాత్తుగా చనిపోయారు. ఊపిరితిత్తుల్లో నెత్తురు గడ్డ అడ్డుపడడమే కారణమని కీత్ సింప్సన్ అనే వైద్యుడు ఆ ఏడాదే 'లాన్సెట్' పత్రికలో రాశాడు. కుర్చీ ముందు కమ్మి తొడల కింద ఒత్తుకుని సిరలను మూసేసిందన్నమాట.

ఎనిమిది వంతులు, ఎనిమిది నడకలు

తప్పు ఆటది కాదు. మీ ఆటలో విరామాలు ఆట నియమాల్లోనే ఉన్నాయి. మొత్తం ఎనిమిది వంతులు. ప్రతి వంతు ముగియగానే ఇద్దరూ లేచి ఐదు నిమిషాలు వరండాలో నడవండి. ఒకరు ఏ సముద్రంలోకి ఏ ఓడను పంపాలా అని ఆలోచిస్తుంటే రెండోవారికి పనుండదు. అప్పుడు నిలబడి, మడమలు ఇరవై సార్లు ఎత్తి దించండి. మంచం వదిలి కుర్చీ, బల్ల వాడండి. పాదాలు నేలకు ఆనాలి. రోజుకు ఒక్క ఆట చాలు. పక్షాలు మార్చుకునే రెండో ఆట వచ్చే ఆదివారానికి ఉంచండి.

అసలు నావికులే ఈ ఆటను నడుస్తూ ఆడారు. జర్మన్ జలాంతర్గాములను ఎదుర్కొనే ఉపాయాల కోసం 1942లో లివర్‌పూల్‌లో ఒక పెద్ద గది నేల మీద సుద్దముక్కతో సముద్రం గీసి, ఓడల బొమ్మలు జరిపేవారు. దాన్ని నడిపిన గిల్బర్ట్ రాబర్ట్స్‌ను క్షయవ్యాధి వచ్చిందని 1938లో నౌకాదళం ఇంటికి పంపేసింది. యుద్ధంలో మళ్లీ పిలిచింది. జబ్బు మనిషి పనికిరాడని కూర్చోబెట్టేవాళ్లు ఆయన్ను గుర్తుచేసుకోవాలి.

కాఫీ, బజ్జీలు

ఇలాంటి ఆటల్లో చెయ్యి తెలియకుండా పళ్లెంలోకి వెళ్తుంది. బజ్జీలు, మిక్చరు, చక్కెర కాఫీలు నాలుగేసి సార్లు వద్దు. ఉడికించిన శనగలు, పల్చటి మజ్జిగ, పక్కన మంచినీళ్ల చెంబు పెట్టుకోండి. మూత్రానికి లేవాల్సి వస్తుందని నీళ్లు మానకండి. లేవడమే మనకు కావలసింది. సిగరెట్టు అలవాటుంటే ఆట బల్ల దగ్గరే కాదు, పూర్తిగా మానాలి.

పాచిక ఆరు పడితే ఓడకు దెబ్బ, ఐదు పడితే ఓడ రేవుకు తిరిగిపోవాలి. ఆ క్షణంలో గుండె దడదడలాడడం, రక్తపోటు కాసేపు పెరగడం సహజం. ఆట మధ్యలో రక్తపోటు చూసుకుని కంగారు పడవద్దు. ఉదయం విశ్రాంతిగా ఉన్నప్పుడు చూసిన అంకె ముఖ్యం. అయితే చెమటలు పోసి, చేతులు వణికి, కళ్లు తిరిగితే మాత్రం ఓడ మునిగిన ఉద్రేకం అనుకోకండి. చక్కెర పడిపోయి ఉండవచ్చు. ఆట ఆపి వెంటనే పంచదార నీళ్లు తాగాలి. ఛాతీ మీద బరువు పెట్టినట్టుంటే ఆసుపత్రికి వెళ్లాలి.

మీ మిత్రుడి సంగతి

మీ శ్రీమతిగారు ఈ భాగం చదవాలని కోరుతున్నాను. బ్రిటన్‌లో భార్య పోయిన, 55 ఏళ్లు దాటిన 4,486 మంది పురుషుల వివరాలు చూసి 1969లో ఒక పరిశోధన ప్రకటించారు. మొదటి ఆరు నెలల్లో వారిలో మరణాలు, అదే వయసు వివాహితులతో పోలిస్తే సుమారు 40 శాతం ఎక్కువ. అందులో గుండె జబ్బులదే పెద్ద భాగం. మీ మిత్రుడు ఇప్పుడు ఆ ఆరు నెలల్లోనే ఉన్నారు. ఆయన తింటున్నారా, నిద్రపోతున్నారా, తన మాత్రలు తాను వేసుకుంటున్నారా అని చూడడానికి మీకు దొరికే సమయం ఆ ఆదివారమే. ఆట ఆపితే ఆయనకు ఆ ఒక్క తలుపూ మూసుకుపోతుంది.

కాబట్టి ముందు కాలు చూపించుకోండి. డాక్టరు సరేనన్నాక ఆట మొదలుపెట్టండి. సాయంత్రం చల్లబడ్డాక ఆయన్ను వెంటబెట్టుకుని బీచ్ రోడ్డుకు వెళ్లండి. 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి దాకా నడిచి రండి. మీ ఇద్దరికీ మాట్లాడుకోవడానికి అక్కడ కావలసినంత ఉంటుంది.

ఇది నౌకల ఆటకే కాదు. పేకాటకు కూర్చునేవారూ, కుట్టుమిషను ముందు పొద్దంతా గడిపే స్త్రీలూ, రాత్రంతా బస్సులో ప్రయాణం చేసేవారూ గంటకోసారి కాళ్లు కదిలించాలి. ఒక్క కాలే వాస్తే తైలం సీసా పక్కన పెట్టి, ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లాలి.