ఓటుంది, పెట్టె లేదు

ఎన్నికల సంస్కరణల మీద సభలకు తార్నాకలో, ఉస్మానియా క్యాంపస్‌లో కొదవ లేదు. ఒకే దేశం ఒకే ఎన్నిక, ధనబలం, నేరచరితులు, ఈవీఎంలు... వక్తలు మాట్లాడతారు, పిల్లలు నోట్సు రాసుకుంటారు. 2024 డిసెంబరులో జమిలి ఎన్నికల బిల్లు లోక్‌సభలో పెట్టినప్పటి నుంచి ఈ చర్చలు ఇంకా పెరిగాయి. నేనడిగేది ఒకటే. అక్కడ కూర్చుని నోట్సు రాసుకుంటున్న పిల్లల్లో ఎవరైనా తమ విశ్వవిద్యాలయంలో తమ ప్రతినిధి కోసం ఓటు వేశారా? వేయలేదు. వాళ్లకు పాఠం చెప్పే లెక్చరర్లలో కూడా చాలామంది వేయలేదు.

1988 డిసెంబరులో పార్లమెంటు 61వ రాజ్యాంగ సవరణ చేసి ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గించింది. యువతకు పట్టాభిషేకం చేసినట్టు చెప్పుకున్నారు. అటూ ఇటుగా అదే కాలంలో, 1980ల చివర్లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆపేశారు. అంటే పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి ప్రధానమంత్రిని నిర్ణయించే తెలివి ఉంది గానీ, తన హాస్టల్ సమస్య వీసీ ముందు ఎవరు చెప్పాలో నిర్ణయించే తెలివి లేదన్నమాట. తర్వాత ఎన్ని ప్రభుత్వాలు మారాయో లెక్కపెట్టండి. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని తెలంగాణ తెచ్చుకున్నాం. తెలంగాణ వచ్చాక కూడా ఆ మెట్ల దగ్గరికి బ్యాలెట్ పెట్టె రాలేదు.

దీనివల్ల అందరికీ సమానంగా నష్టం జరిగిందంటే నేను ఒప్పుకోను. ఉస్మానియా 1918లో మొదలైంది. అక్కడి విద్యార్థి రాజకీయాల్లో నలిగి శాసనసభకు, పార్లమెంటుకు వెళ్లినవాళ్లు ఎందరో. జైపాల్ రెడ్డి గారు ఈ క్యాంపస్ విద్యార్థి నాయకుడే. ఆ తరంలో మనవాళ్లు ఎంతమంది? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు దాటి మన పిల్లలు గుంపుగా క్యాంపస్‌కు చేరే వేళకు ఎన్నికలు పోయాయి. ఏరు దాటి తెప్ప తగలేసినట్టయింది. భూమి, కాంట్రాక్టులు, బంధువర్గం ఉన్న ఇంటి కొడుకుకు రాజకీయాల్లోకి రావడానికి పది దార్లుంటాయి. అచ్చంపేట పెంట నుంచో, దేవరకొండ తండా నుంచో, ఉట్నూరు గూడెం నుంచో వచ్చి, కాచిగూడలో ఎంఎంటీఎస్ ఎక్కి ఆర్ట్స్ కాలేజీ స్టేషన్లో దిగే పిల్లకు ఉన్నది ఈ ఒక్క దారే.

"మీకు రిజర్వుడు సీట్లున్నాయి కదా" అంటారు. ఉన్నాయి. తెలంగాణ శాసనసభలో 119కి 12, ఆంధ్రప్రదేశ్‌లో 175కి 7. లోక్‌సభకు ఆదిలాబాద్, మహబూబాబాద్, అరకు. అవి ఎవరి దయా కాదు, రాజ్యాంగం ఇచ్చినవి, వాటి జోలికి ఎవరొచ్చినా ఊరుకోం. కానీ ఆసిఫాబాద్‌లో, పినపాకలో, పాడేరులో నిలబడేది ఎవరో తేలేది అక్కడ కాదు. హైదరాబాద్‌లో, విజయవాడలో, ఢిల్లీలో తేలుతుంది. బీ-ఫారం మీద సంతకం పెట్టేవాడు మనవాడు కాదు. వాళ్లు పెట్టిన నాలుగు పేర్లలో ఒకదాని మీద మీట నొక్కడమే మన పని. గెలిచినవాడు గూడెం వైపు చూస్తాడా, బీ-ఫారం ఇచ్చిన చేతి వైపు చూస్తాడా? పోడు పట్టాల మీద సభలో నోరు విప్పలేదని మన ఎమ్మెల్యేలను తిట్టుకుంటాం. తిట్టాల్సిందే. అయితే పార్టీకి ఎదురు చెప్పి కూడా నిలబడగల బలం ఒకరోజులో రాదు. ఎన్నికకు ముందే తన జనంలో తాను ఎన్నికై ఉన్నవాడికి వస్తుంది.

అవకాశమిస్తే మనవాళ్లు ఎక్కడిదాకా వెళ్లగలరో చూపించిన ఎన్నిక మన తెలుగు నేల మీదే జరిగింది. 1957 లోక్‌సభ ఎన్నికల్లో పార్వతీపురం ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒకటి ఎస్టీకి రిజర్వు, ఒకటి జనరల్. ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు. పోటీలో ఉన్నవారిలో వి.వి. గిరి ఒకరు. అప్పటికే కేంద్రంలో కార్మిక మంత్రిగా చేసినవారు, తర్వాత రాష్ట్రపతి అయినవారు. ఓట్లు లెక్కపెడితే మొదటి రెండు స్థానాల్లోనూ గిరిజనులే ఉన్నారు. మొదటివారికి రిజర్వుడు సీటు దక్కింది. రెండోవారు డిప్పల సూరిదొర. గిరి గారి కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి కాబట్టి జనరల్ సీటు ఆయనకు ప్రకటించారు.

గిరి కోర్టుకు వెళ్లారు. గిరిజనుడికి రిజర్వుడు సీటు ఉండగా జనరల్ సీటు ఎలా ఇస్తారన్నది ఒక వాదన. సూరిదొర ముఖదొర తెగవాడు కాదు, క్షత్రియుడైపోయాడన్నది ఇంకో వాదన. ఈ రెండో వాదన మళ్లీ చదవండి. ఓడించడానికి వీలు కాకపోతే నువ్వు నువ్వే కాదంటారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1959లో మెజారిటీ తీర్పు సూరిదొర ఎన్నికను ఖాయం చేసింది. జనరల్ అంటే అందరిదీ, గిరిజనుడిది కూడా అన్నది ఆ తీర్పు సారం. రెండేళ్లు తిరక్కుండా, 1961లో, ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలనే చట్టం చేసి ఎత్తేశారు. ఆ పద్ధతిలో వేరే ఇబ్బందులూ ఉన్నాయి. నియోజకవర్గాలు మరీ పెద్దవి, ఖర్చు ఎక్కువ. అయినా ఆ తర్వాత మనకు మిగిలింది ఏమిటి? రిజర్వుడు గీత లోపల మీరు, బయట మేము. ఇవాళ జనరల్ స్థానంలో గిరిజనుడికి టికెట్ అడిగి చూడండి, ఏ పార్టీ ఆఫీసులోనైనా ఒకే నవ్వు ఎదురవుతుంది.

క్యాంపస్‌లో ఈ గీత ఇంకా గీయలేదు. అధ్యక్ష పదవికి కోయ అమ్మాయి నిలబడితే కాదనే చట్టం లేదు. పెట్టె లేకపోవడమే అడ్డు.

విద్యార్థి ఎన్నికలు ఎలా జరపాలో దేశానికి నియమాలు రాసిచ్చిన కమిటీకి పెద్ద కూడా ఒక గిరిజనుడే. మేఘాలయ ఖాసీ బిడ్డ జె.ఎం. లింగ్డో, ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా పనిచేసినవారు. ఆయన కమిటీ సిఫారసులను అమలు చేయమని 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ఆదేశించింది. విద్యా సంవత్సరం మొదలైన 6 నుంచి 8 వారాల్లో ఎన్నిక జరగాలి. నామినేషన్ నుంచి ఫలితం దాకా 10 రోజుల్లో ముగియాలి. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. అచ్చు పోస్టర్లు వద్దు, చేత్తో రాసినవే. శాసనసభ అభ్యర్థికి మన రాష్ట్రంలో 40 లక్షల దాకా ఖర్చుకు అనుమతి ఉన్న రోజుల్లో, కూలి చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ నిలబడగలిగే ఎన్నిక ఇదొక్కటే. ఇదే నగరంలో గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో విద్యార్థి సంఘ ఎన్నికలు జరుగుతూ వచ్చాయి. దళిత, ఆదివాసీ విద్యార్థి సంఘాలు అక్కడ పోటీ చేస్తాయి, గెలుస్తాయి కూడా. అక్కడ చెల్లేది తార్నాకలో ఎందుకు చెల్లదు?

అయితే లింగ్డో గారి నియమాలన్నీ మనకు సరిపోవు. మనవాడు రాసినంత మాత్రాన మొక్కాల్సిన పని లేదు. డిగ్రీకి 22 ఏళ్లు, పీజీకి 25, పరిశోధకులకు 28 అని వయసు గీత గీశారు. ఏడేళ్లకు బడి మొహం చూసి, మధ్యలో రెండేళ్లు పత్తి ఏరడానికి పోయి, మళ్లీ చదువుకు వచ్చిన పిల్లవాడి సంగతేమిటి? బ్యాక్‌లాగ్ ఒక్కటి కూడా ఉండకూడదన్నారు. ఇంట్లో మొదటిసారి పుస్తకం పట్టిన పిల్లకు ఇంగ్లీషు పేపరు ఒకటి మిగిలిపోతే నాయకత్వానికి పనికిరాదా? ఉద్యోగాల పరీక్షల్లో ఎస్టీలకు వయసులో అయిదేళ్ల సడలింపు ఉన్నప్పుడు ఇక్కడా ఉండాలి. బ్యాక్‌లాగ్ నిబంధన తీసేయాలి. ఎన్నికలు అడిగేటప్పుడే ఇవీ కలిపి అడగాలి. లేకపోతే పెట్టె వస్తుంది, మన పేరు మాత్రం అందులోకి రాదు.

ఇంకో మార్పు కూడా అడుగుదాం. టీచర్లకు ఇది బాగా తెలుసు. టీచర్ ఎమ్మెల్సీ ఎన్నికల్లో మీరు 1, 2, 3 అని ప్రాధాన్యం రాస్తారు. మొదటి ఎంపిక ఓడిపోతే ఓటు రెండో ఎంపికకు పోతుంది. క్యాంపస్‌లో చెంచు, కొలాం, తోటి, కొండరెడ్డి పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మామూలు పద్ధతిలో వాళ్ల అభ్యర్థికి వేస్తే "ఓటు వృథా" అనే మాట మొదటిరోజే పుడుతుంది. ప్రాధాన్య ఓటులో ఆ మాటకు చోటుండదు. ఆదివాసీ, లంబాడా పేచీ మన మధ్య ఎంత లోతుగా ఉందో ఈ పుస్తకం చదివేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. దాన్ని ఎన్నిక తీర్చేస్తుందని అనను. అయితే రెండో ప్రాధాన్యం కోసమైనా గోండు పిల్లవాడు లంబాడా హాస్టల్ గదికి, లంబాడా పిల్ల కోయ పిల్లల గదికి వెళ్లి ఓటు అడగాల్సి వస్తుంది. ఇప్పుడైతే ధర్నాల్లో ఎదురెదురుగా నిలబడినప్పుడే కలుస్తున్నాం.

ఎన్నికలు పెడితే గొడవలంటారు. 1972 ఏప్రిల్ 14న జార్జిరెడ్డిని ఈ క్యాంపస్‌లోనే చంపారు, ఆ భయం ఉత్తది కాదు. మరి ఎన్నికలు ఆపాక కొట్లాటలు ఆగాయా? లాఠీలు ఆగాయా? అసెంబ్లీ ఎన్నికల్లో మందు, డబ్బు పారుతుంటే అసెంబ్లీ ఎన్నికలు ఎవరూ రద్దు చేయలేదే! ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకునే న్యాయం విద్యార్థులకేనా? అసలు కారణం వేరే ఉంది. ఎన్నికైన సంఘం ఉంటే మెస్ లెక్కలు అడుగుతుంది, ఖాళీ పోస్టుల రోస్టర్ అడుగుతుంది, ఆగిపోయిన స్కాలర్‌షిప్ ఏమైందని అడుగుతుంది. పది సంఘాలు పది వినతిపత్రాలు ఇస్తే తీసుకుని సొరుగులో పెట్టడం తేలిక. అందరి ఓట్లతో గెలిచిన ఒక్కరు వస్తే కుర్చీ వేయాలి.

ఎన్నిక వాయిదా వేస్తే ఏమీ కాదన్న పాఠం క్యాంపస్‌లో నేర్చుకున్నవాళ్లు దాన్ని ఊళ్లకూ తెచ్చారు. గడువు తీరకముందే పంచాయతీ ఎన్నికలు జరపాలని రాజ్యాంగం చెప్తుంది. తెలంగాణ సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో తీరితే, ఎన్నికలు 2025 డిసెంబరులో గానీ జరగలేదు. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. 'మావ నాటె మావ రాజ్' అని గోడల మీద రాసుకున్న మన ఊళ్లలో కూడా. 1996 పెసా చట్టం గ్రామసభకు అధికారమిచ్చింది. ఆ సభ నడపడం ఎవరు నేర్పాలి? తీర్మానం రాయడం, అభ్యంతరం నమోదు చేయించడం, చేతులు లెక్కపెట్టడం అలవాటైన యువకులు ఊరికి తిరిగొస్తే తప్ప, సెక్రటరీ తెచ్చిన కాగితం మీద వేలిముద్రలే గ్రామసభ అవుతాయి.

టీచరు మిత్రులు వీసీ ఉత్తర్వు కోసం ఆగనక్కర్లేదు. ఆశ్రమ పాఠశాలలో క్లాసు లీడర్‌ను ఎవరు పెడుతున్నారు? సారే. ఎత్తుగా ఉన్నవాణ్ణో, మాట వినేవాణ్ణో. ఈ ఏడాది చీటీలు పెట్టండి. ఇప్పపువ్వు, విల్లు, డోలు గుర్తులు పిల్లలతోనే గీయించండి. మెస్ కమిటీకి కూడా ఓటు పెట్టి, గెలిచిన పిల్లల చేతికి గుడ్ల లెక్క పుస్తకం ఇవ్వండి. హెడ్మాస్టరుకు నచ్చకపోవచ్చు.

క్యాంపస్‌లో ఉన్న మన సంఘాలకు ఒక పని. వినతిపత్రాల్లో మనం హాస్టల్ సీట్లు, ఫెలోషిప్‌లు, మెస్ బిల్లులు రాస్తాం. వాటికంటే పైన, ఒకటో నంబరుగా ఇది రాయాలి: తరగతులు మొదలైన ఎనిమిదో వారంలోగా విద్యార్థి సంఘ ఎన్నిక, ఎస్టీలకు వయసులో అయిదేళ్ల సడలింపు, బ్యాక్‌లాగ్ నిబంధన రద్దు, ప్రాధాన్య ఓటు. ఆదివాసీ సంఘాలు, లంబాడా సంఘాలు ఒకే కాగితం మీద సంతకాలు పెట్టాలి. అడ్మిషన్లు అయ్యేలోపు ఆ కాగితం సిద్ధం కావాలి.