3వ డిస్కు అంటే ఏది?

మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఒక జబ్బుంది. సర్వర్ అనే మాట రోజుకి వందసార్లు వాడతాం, కానీ దాన్ని కళ్ళతో చూసినవాళ్ళు మనలో చాలా తక్కువ. ఉద్యోగంలో చేరిన మూడేళ్ళ దాకా నేనూ చూడలేదు. ఇంజనీరింగ్‌లో ఉండగా ల్యాబ్‌లో అసెంబుల్డ్ డెస్క్‌టాప్ మూత తీసి, ర్యామ్‌ని రబ్బరుతో తుడిచి మళ్ళీ గుచ్చిన అనుభవం మాత్రం ఉంది (ఈ రబ్బరు వైద్యం తెలియనివాడు మన దగ్గర ఇంజనీరే కాడు). ఆమాత్రానికే హార్డ్‌వేర్‌లో నాకు తెలియనిదేముందిలే అని ఒక ధీమా. ఆ ధీమా ఒక రాత్రి ఇంకొకడి ఉద్యోగం మీదకి తెచ్చింది. ఆ కథే చెప్పబోతున్నా, కొంచెం ఓపిక పట్టండి.

రాత్రి ఒంటిగంటన్నర. నేను ఆన్‌కాల్‌లో ఉన్నా. మాకో పాత డేటాబేస్ సర్వర్ ఉండేది. 2యూ డబ్బా, ముందువైపు ఎనిమిది డిస్కులు, రెయిడ్ 5. అంటే ఎనిమిదిలో ఒకటి పోయినా బండి నడుస్తుంది, రెండోది పోతే అంతే సంగతులు. డిస్క్ 3 ఫెయిల్ అయిందని అలర్ట్ వచ్చింది. నిద్రకళ్ళతోనే డేటా సెంటర్‌కి టికెట్ కొట్టా: "ఫలానా రాక్, ఫలానా సర్వర్, 3వ డిస్కు పోయింది, స్పేర్‌తో మార్చగలరు." పది నిమిషాల్లో అక్కడి టెక్నీషియన్ ఫోన్ చేశాడు. నాకంటే ఓ పదేళ్ళు పెద్దవాడే అయ్యుంటాడు, అయినా నన్ను సార్ అనే పిలిచేవాడు.

"సార్, ముందుకొచ్చి చూస్తున్నానండి. ఎర్రలైటు ఎక్కడా లేదు. ఒకదానికి మాత్రం లైటే వెలగట్లేదు, కానీ అది 4వది. మీరు 3వది అని రాశారు. 3వదేనా సార్?"

నేను స్క్రీన్ వైపు చూశా. అక్కడ శుభ్రంగా 3 అని ఉంది. "అవునన్నా, 3వదే. తీసెయ్" అన్నా.

మీకు ఈపాటికే అర్థమైపోయి ఉంటుంది. ఆ కంట్రోలర్ స్లాట్లని సున్నా నుంచి లెక్కపెడుతుంది. డిస్క్ 3 అంటే ఎడమ నుంచి నాలుగోది. పాపం ఆయన మనుషులు లెక్కపెట్టినట్టే ఒకటి నుంచి లెక్కపెట్టాడు. ఎర్రే సున్నాతో మొదలవుతుందని ఇంటర్వ్యూల్లో ఫ్రెషర్లని ఆడుకునే మహానుభావుణ్ణి, నాకే అది తట్టలేదు. ఆయన 3వది లాగాడు, సర్వర్ పడుకుంది. కంగారుపడి వెంటనే మళ్ళీ తోశాడు గానీ, ఒకసారి బయటికొచ్చిన డిస్కుని కంట్రోలర్ అంత తేలిగ్గా తనవాడని ఒప్పుకోదు. ఆ కంగారులో మేము రకరకాల ప్రయోగాలు చేసి పరిస్థితిని ఇంకాస్త పాడుచేశాం. చివరికి ముందురోజు రాత్రి బ్యాకప్ నుంచి తెచ్చుకునేసరికి మర్నాడు మధ్యాహ్నం అయింది. మధ్యలో ఒక రోజు డేటా గోవిందా.

ఇక అసలు విషయానికొస్తా. తర్వాత మా వాళ్ళు రాసిన రూట్ కాజ్ రిపోర్టులో ఒకే ఒక్క వాక్యం: డేటా సెంటర్ టెక్నీషియన్ పొరపాటున వేరే డిస్కు తీయడం వల్ల. ఆ వాక్యం నేను రాయలేదు. కానీ ఆ మీటింగులో నేనున్నా. ఆయన ఫోన్ చేసి అడిగాడన్న సంగతి ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. నోరు మెదపలేదు. అప్రైజల్స్ దగ్గర్లో ఉన్నాయి, అదీ నా వీరత్వం. రెండు వారాల తర్వాత ఇంకో టికెట్ పనిమీద ఫోన్ చేస్తే కొత్త గొంతు పలికింది. ఆయన్ని ఆ సైటు నుంచి తీసేశారట.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. రిపోర్టులో మూలకారణం అన్నచోట "మానవ తప్పిదం" అని రాశారంటే, కారణం వెతకడం మధ్యలో మానేశారని అర్థం. పైగా ఆ మానవుడు ఎప్పుడూ గొలుసులో అందరికంటే కిందున్నవాడే అవుతాడు. 2017 మే 27న బ్రిటిష్ ఎయిర్‌వేస్ కంప్యూటర్లు ఆగిపోయి 75 వేల మంది ప్రయాణికులు ఇబ్బంది పడ్డప్పుడు, దాని మాతృసంస్థ ఐఏజీ పెద్ద విల్లీ వాల్ష్ చెప్పింది ఏంటంటే, ఒక ఇంజనీరు డేటా సెంటర్‌లో పవర్ తప్పించాడని, దాన్ని అదుపు లేకుండా తిరిగి కలపడంతో పరికరాలు దెబ్బతిన్నాయని. నిజమే కావచ్చు. కానీ ఒక మనిషి చేత్తో చేసిన ఒక్క పనికి అంత పెద్ద విమాన సంస్థ కూలబడిందంటే, ముందు అడగాల్సింది ఆ మనిషినా?

అదే ఏడాది జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు సెకండరీ డేటాబేస్ అనుకుని ప్రైమరీలో డైరెక్టరీ చెరిపేశాడు. ఇదీ తప్పు డిస్కు కథే, కాకపోతే కీబోర్డుతో. దాదాపు ఆరు గంటల డేటా పోయింది. కానీ వాళ్ళు తమ బ్యాకప్‌లు ఎన్ని రకాలుగా పనిచెయ్యలేదో అంతా బయటపెట్టారు, రికవరీని యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చారు, ఆ ఇంజనీరు పేరు రిపోర్టులో రాయలేదు. కీబోర్డు దగ్గర కూర్చున్నవాడికి దక్కిన ఆ మర్యాద స్క్రూడ్రైవర్ పట్టుకున్నవాడికి ఎందుకు దక్కదు? నాకిప్పటికీ కడుపులో దేవేసే ప్రశ్న ఇది.

ఆ తర్వాత కొన్ని నెలలకి నాకు నేనే అడిగి ఒకరోజు డేటా సెంటర్‌కి వెళ్ళా. పాపపరిహారం అనుకోండి, ఏమన్నా అనుకోండి. ఒక సీనియర్ టెక్నీషియన్ గారి వెంట పొద్దుటి నుంచి తిరిగా. ఆ ఒక్కరోజులో తెలుసుకున్నది నాలుగేళ్ళ బీటెక్‌లో ఎవ్వరూ చెప్పలేదు.

మొదటిది, గుర్తుపట్టడం. ఆయన ఏ డిస్కునీ నంబరు నమ్మి తీయరు. స్లాట్ నంబరు, డిస్కు సీరియల్ నంబరు, మెరిసే లైటు, మూడూ కలవాలి. రెయిడ్ కంట్రోలర్‌కి లొకేట్ కమాండ్ ఇస్తే సరిగ్గా ఆ డిస్కు దగ్గరే లైటు మెరుస్తుంది. మొత్తం సర్వర్‌ని గుర్తుపట్టడానికైతే ముందూ వెనకా వెలిగే నీలం లైటుంటుంది. వెనకవైపు వెళ్ళాక ఒకే రకం డబ్బాలు ఇరవై వరసగా కనపడితే ఏది ఏదో బ్రహ్మకి కూడా తెలియదు, ఆ నీలం లైటే దిక్కు. ఇవన్నీ వెలిగించాల్సింది ఎవరనుకున్నారు? మనమే, మన కుర్చీలోంచే. ఆ రాత్రి నేను ఒక్క కమాండ్ కొట్టి ఉంటే సరిపోయేది. అలాగే లినక్స్‌లో కనిపించే ఎస్‌డీసీ, ఎస్‌డీడీ పేర్లని టికెట్లో రాయకండి మహాప్రభో. రీబూట్ అయితే అవి మారిపోవచ్చు. సీరియల్ నంబరు మారదు.

రెండోది కరెంటు. డిస్కులు, పవర్ సప్లైలు, చాలా సర్వర్లలో ఫ్యాన్లు కూడా నడుస్తుండగానే మార్చొచ్చు. మెమరీ, ప్రాసెసర్, మామూలు కార్డులు అలా కాదు. మరి షట్‌డౌన్ చేస్తే కరెంటు పోయినట్టేనా? కాదు! ఐడ్రాక్, ఐలో లాంటివి సర్వర్ ఆగాక కూడా బతికే ఉంటాయి కదా, అంటే లోపల స్టాండ్‌బై కరెంటు ఉన్నట్టే. రెండు పవర్ కేబుళ్ళూ పీకాలి. ఒకటి పీకి రెండోది మర్చిపోతే ఏమీ పీకనట్టే. పీకాక పవర్ బటన్ కొద్ది సెకన్లు నొక్కిపట్టి, మిగిలింది కూడా పోనిచ్చి, అప్పుడు మూత తెరవాలి. పవర్ సప్లై డబ్బాని మాత్రం ఎప్పుడూ విప్పకూడదు, లోపలి కెపాసిటర్లు కేబుల్ తీశాక కూడా కొట్టగలవు.

నడుస్తున్న సర్వర్‌లో ఒక పవర్ సప్లై మార్చేటప్పుడు ఇంకో చిక్కుంది. రెండు సప్లైలూ రెండు వేరే ఫీడ్లకి ఉన్నాయా, లేక ఏ పుణ్యాత్ముడో రెండూ ఒకే స్ట్రిప్‌కి గుచ్చాడా అన్నది చూడాలి. రెండు ఫీడ్ల మీద లోడు కలిపితే అది ఒక్క ఫీడ్ మోయగలిగినంతలోనే ఉండాలి. లేకపోతే ఒకటి ఆగగానే రెండోదాని మీద మొత్తం భారం పడి బ్రేకర్ ట్రిప్ అవుతుంది. ఒక సర్వర్ బాగుచెయ్యబోయి రాక్ మొత్తం ఆర్పేసిన కథలు ఆయన దగ్గర బోలెడున్నాయి.

మూడోది స్టాటిక్. ఇది నేను ఉత్త చాదస్తం అనుకునేవాణ్ణి. తలుపు గొళ్ళెం పట్టుకున్నప్పుడు మన వేలికి చురుక్కుమని తెలియాలంటే సుమారు 3 వేల వోల్టులుండాలి. కొన్ని చిప్‌లు చెడడానికి 100 వోల్టులు కూడా అక్కర్లేదు. అంటే మనకి ఏమీ తెలియకుండానే ర్యామ్ పాడైపోవచ్చు. ఇంకా దరిద్రమేంటంటే ఒక్కోసారి అప్పుడే పోదు, సగం దెబ్బతిని కొన్నాళ్ళు పనిచేసి ఏ అర్ధరాత్రో ఎర్రర్లు మొదలెడుతుంది. అప్పుడు మనం కెర్నల్‌ని తిడతాం. అందుకే మణికట్టుకి ఆ పట్టీ కట్టుకోవడం, దాని రెండో కొస ఛాసిస్ లోహానికి తగిలించడం, ర్యామ్‌ని అంచులతో పట్టుకోవడం. నా రబ్బరు వైద్యం గురించి చెప్తే ఆయన నవ్వలేదు. అది ఇంకా బాధగా అనిపించింది.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది బరువు. డిస్కులన్నీ నిండిన 2యూ సర్వర్ 25, 30 కిలోలు ఉంటుంది. మన ఇంటి బియ్యం బస్తా అంత. కానీ బస్తాకి పదును అంచులుండవు, దాన్ని తల కంటే ఎత్తులో రెండు పట్టాల మధ్య సరిగ్గా కూర్చోబెట్టక్కర్లేదు. పైగా ఒక రాక్ నుంచి ఒకేసారి ఒక్క సర్వర్‌నే బయటికి లాగాలి. రెండు మూడు లాగితే బరువంతా ముందుకొచ్చి రాకే మీద పడొచ్చు. రాక్ కింద స్టెబిలైజర్ కాళ్ళు, బరువైనవి అడుగున పెట్టడం, అన్నీ అందుకే. పట్టాల లాక్ దగ్గర వేళ్ళు నలగడం అయితే అక్కడ మామూలు విషయంట.

మరి ఇద్దరు ఎత్తాల్సిన పనికి ఇద్దరినీ ఇస్తున్నామా? డేటా సెంటర్ వాళ్ళు రిమోట్ హ్యాండ్స్‌కి గంటల లెక్కన బిల్లు వేస్తారు. "సర్వర్ దించడానికి ఇద్దరెందుకు, ఒకడు చాలడా?" అని మా వైపు నుంచే మెయిల్ వెళ్ళింది ఒకసారి. ఏసీ గదిలో కూర్చుని ముప్ఫై కిలోల బరువుని ఎక్సెల్ షీట్‌లో ఎత్తడం చాలా తేలిక. ఆ మెయిల్ రాసినాయన చెడ్డవాడేం కాదు, ఆయనా ఎప్పుడూ సర్వర్‌ని చూసి ఉండడు, అంతే.

ఇప్పుడందరూ క్లౌడ్‌లో ఉన్నాం, మాకెందుకీ గోల అంటారని తెలుసు. అమెజాన్ వాళ్ళ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్‌లోనే మొదలైంది. అంటే మీరు కన్సోల్‌లో నొక్కిన బటన్‌కి జవాబు చెప్పే యంత్రం ఈ ఊరి చుట్టుపక్కలే ఉండొచ్చు. అందులో డిస్కు పోతే దాన్ని మార్చేదీ మనిషే. వాళ్ళు ఒక డిస్కు, ఒక సర్వర్ పోయినా ఏమీ కాకుండా కట్టుకున్నారు కాబట్టి అక్కడ ఒకడి చెయ్యి పొరబడితే ఎవరికీ నిద్ర పాడవదు. చెప్పొచ్చేదేంటంటే, మనం రాత్రి ఒంటిగంటన్నరకి ఒక మనిషి లెక్క మీద ఒక రోజు డేటాని వేలాడదీశాం చూశారా, అది డిజైన్ తప్పు. రెయిడ్ 5ని బ్యాకప్ అనుకోవడం ఇంకో తప్పు. రెండూ మావే.

ఇప్పుడు మా టీంలో టికెట్ రాసేటప్పుడు స్లాట్ నంబరు, "సున్నా నుంచి లెక్క, ఎడమ నుంచి" అన్న మాట, సీరియల్ నంబరు రాసి, లొకేట్ లైటు వెలిగించాకే పంపాలి. లాగేముందు టెక్నీషియన్ సీరియల్ చదివి వినిపిస్తే మా వాడు కలిపిచూసి సరే అనాలి. డిస్కు బయటికి లాగితే తప్ప స్టిక్కర్ కనపడని సర్వర్లకి ముందే క్యారియర్ మీద లేబుల్ అంటించి పెట్టించాం. అనుమానం ఉందని ఆయన ఆపితే పని ఆగుతుంది, దానికి ఎస్‌ఎల్‌ఏ గడియారం తిరగదు. ఈ చివరిది ఒప్పించడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఆ పాత రిపోర్టుకి ఒక దిద్దుబాటు కూడా రాసి పంపా, ఫోన్ సంగతితో సహా. చాలా ఆలస్యంగా, నేను టీం మారాక. మేనేజరు "ఇప్పుడెందుకివన్నీ" అన్నాడు. ఆ అన్న ఎక్కడున్నాడో కనుక్కుందామని ప్రయత్నించా, ఏజెన్సీ వాళ్ళు చెప్పలేదు.

కొత్తగా చేరినవాళ్ళని ఏడాదిలో ఒకరోజు డేటా సెంటర్‌కి పంపాలని గొడవపెట్టి, ఈసారికి ఆరుగురికి అనుమతి తెచ్చా. వచ్చే నెల వెళ్తున్నారు. స్వెటర్ తెచ్చుకోమన్నా, కోల్డ్ ఐల్‌లో గంటసేపు నిలబడితే పళ్ళు టకటకలాడతాయి.