తప్పు మన వేలిది కాదు

"ఏందిమ్మా, వేలు సరిగ్గా పెట్టు. తుడుచుకోని పెట్టు. ఇంగోసారి... ఊహూ, రాలే."

పెద్దపంజాణి పక్క ఒక సెంటర్‌లో మా పెద్దమ్మ వెనకాల నిలబడి విన్న మాటలివి. పెద్దమ్మ ఎరుకల మనిషి. యాభై ఏళ్ళు వెదురు చీల్చి బుట్టలల్లిన చేతులు. మదనపల్లె టమాటా మార్కెట్‌కు ప్లాస్టిక్ క్రేట్లు వచ్చినాక బుట్టలు పోయినాయి, ఉపాధి పనే దిక్కయింది. బుట్టలు పోయినా వేళ్ళ మీద గీతలు తిరిగి రాలేదు. మెషిన్‌కు కావాల్సింది ఆ గీతలే.

వేలు పడలేదు గదా, ఓటీపీ పంపుదామన్నారు. ఆ నంబరు బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోయిన కొడుకుది. వాడు సెల్లు ఎత్తి, అంకెలు చెప్పేలోగా టైమ్ అయిపోయింది. పేజీ మళ్ళా మొదటికొచ్చింది. నింపిందంతా పోయింది. తెర మీద ఇంగ్లీషులో ఎర్రక్షరాలు: "ఇన్‌వ్యాలిడ్ రిక్వెస్ట్". మూడుసార్లు అట్లనే. రెండు దినాల కూలి పోయింది.

బయటికొచ్చినాక పెద్దమ్మ చెయ్యి చూసుకుంటా అనింది: "నా వేలే బాగలేదు నాయనా."

నాకు కడుపు మండింది ఆ మాటకే. పని కాలేదు, సరే, రేపు మళ్ళా పోతాం. కానీ తప్పు తనదే అని ఆమెను నమ్మించినారు చూడు, అది దోపిడీ కంటే పెద్ద దోపిడీ.

మిత్రులారా, ఈ మాట మనం గట్టిగా చెప్పాల. వెబ్‌సైట్ దగ్గర మనిషి ఆగిపోతే తప్పు మనిషిది కాదు, సైట్‌ది. ఇది ఉద్యమం వాళ్ళు ఆవేశంలో అంటున్న మాట కాదు, డిజైన్ చదువుకున్నోళ్ళు నేర్చుకునే మొదటి పాఠమే ఇది. డొనాల్డ్ నార్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1988లోనే రాసినాడు: తలుపు తోయాలో లాగాలో తెలీక మనిషి తడబడితే తలుపు చేసినోడిది తప్పు, కానీ జనం "నాకే తెలివి లేదు" అనుకుంటారు అని. జాకబ్ నీల్సన్ 1994లో పది సూత్రాలు పెట్టినాడు. తప్పు జరిగితే మామూలు మాటల్లో చెప్పు, ఎట్ల సరిచేసుకోవాల్నో కూడా చెప్పు అనేది అందులో ఒకటి. ముప్పై ఏళ్ళ కిందటి సంగతి ఇది. "ఇన్‌వ్యాలిడ్ రిక్వెస్ట్" ఏ ఊరి మామూలు మాట?

"వాళ్ళకు తెలీక కాదు, ఇది కష్టమైన పని" అంటారు కొందరు. కష్టమా? డబ్బు మన జేబులోంచి పోయేటప్పుడు చూడండి ఎంత సులువో. అమెజాన్ ఒక్క నొక్కుతో కొనే పద్ధతికి 1999లోనే పేటెంట్ తీసుకుంది. బటన్ ఏ రంగులో ఉంటే వేలు అటు పోతుంది, ఏ పేజీలో ఎన్ని క్షణాలు ఆలస్యమైతే మనిషి వెళ్ళిపోతాడు, అన్నీ కొలుస్తారు. మనసు చదవడానికే జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుంటారు.

అంత దూరం ఎందుకు, పుంగనూరు బస్టాండు దగ్గర టీ అంగడికి పోండి. క్యూఆర్ స్కాన్ చేస్తానే చిన్న డబ్బా తెలుగులో అరుస్తుంది, ఇన్ని రూపాయలు వచ్చినాయని. అంగడి అక్కకు అక్షరం రాకపోయినా మోసపోదు. ఎందుకు? ఆ డబ్బా చేసినోడు ముందే అనుకున్నాడు: ఈమె చేతిలో టీ గ్లాసు ఉంటుంది, సెల్లు చూసే తీరిక ఉండదు, చదవలేకపోవచ్చు, కాబట్టి చెవికి చెప్పాల. దీన్నే డిజైన్ అంటారు. తెలివి ఉంది, టెక్నాలజీ ఉంది, తెలుగు గొంతూ ఉంది. మన దరఖాస్తు ఏమైందో చెప్పడానికి మాత్రం ఆ గొంతు రాదు!

2011 లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేళ్ళు దాటిన గిరిజనుల్లో చదవను రాయను వచ్చినోళ్ళు నూటికి 49 మంది. ఈ సంగతి తెలిసి కూడా అంతా చదివి నింపే సైట్ కట్టినారంటే సగం మందిని బయట నిలబెట్టి తలుపేసినట్లు కాదా? డోర్ నంబర్ నింపందే ముందుకు పోనియ్యని ఫారం, డోర్ నంబర్లే లేని తండా. పుట్టిన తేదీ అడిగే గడి, ఏ తుఫానేడు పుట్టిందో మాత్రమే గుర్తున్న అవ్వ. ఆధార్‌లో ఒక అక్షరం, రేషన్ కార్డులో ఇంకో అక్షరం. రాసింది మనం కాదు, శిక్ష మాత్రం మనకు.

ఉపాధి పనిలో చూడండి. 2023 జనవరి 1 నుంచి పని చోట హాజరు యాప్ తప్పనిసరి చేసినారు. దినానికి రెండు ఫోటోలు. 2024 జనవరి 1 నుంచి కూలి డబ్బులు ఆధార్ ఆధారంగానే అన్నారు. కొండ పక్కన సిగ్నల్ అందకపోతే యాప్ కట్టినోడి జీతం ఆగదు, మట్టి తవ్వినోళ్ళ కూలి ఆగుతుంది. ఆ యాప్ కూలీకి సాయం చేయడానికి కట్టింది కాదు, కూలీని కాపలా కాయడానికి కట్టింది. ఎవరిని అనుమానించి కట్టినారో వాళ్ళకే అది కష్టంగా ఉంటుంది.

ఈ అనుమానం మనకు కొత్త కాదు. తెల్లోడి కాలంలో మన చిత్తూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1911 నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలోళ్ళ పేర్లు రిజిస్టర్లో ఎక్కించి వేలిముద్రలు తీసుకున్నారు, దొంగలని ముందే తీర్మానించి. 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం పోయింది. అప్పుడు వేలిముద్ర ఇచ్చినందుకు నేరస్థులం. ఇప్పుడు వేలిముద్ర పడనందుకు "నువ్వు నువ్వే అని రుజువేంది?" అంటున్నారు.

"వాట్సాప్‌లో మన మిత్ర ఉంది గదా" అనొచ్చు. ఉంది. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలుపెట్టినారు. ఆఫీసు చుట్టూ తిరిగే బాధ కొందరికి తగ్గుతుంది, కాదనం. కానీ మెనూ చదవను రావాల, స్మార్ట్ సెల్లు ఉండాల, డేటా ఉండాల. ఇల్లంతటికీ ఒకే సెల్లు, అదీ బెంగళూరులో ఉంటే? సగం మెట్లు కట్టి "ఎక్కండి" అంటే ఎట్ల?

చట్టం మన పక్క ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఈ-కేవైసీలో కన్నార్పమంటే ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్ళు వేసిన కేసు అది. డిజిటల్ సేవలు అందుకోవడం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగం అని కోర్టు చెప్పింది. కన్నార్పలేనోళ్ళకు న్యాయమైంది వేలు అరిగినోళ్ళకు కాదా? 2023 నవంబర్‌లో కేంద్రం డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు తెచ్చింది, జనాన్ని బురిడీ కొట్టించే 13 రకాల డిజైన్లు చెల్లవని. అది వినియోగదారుల చట్టం కింద. కొనేటోడికి కాపు దొరికింది. హక్కు అడిగేటోడికి ఎప్పుడు?

మనం అడిగేది ఆకాశం కాదు.

ఒకటి: ఏ సైట్, ఏ యాప్ అయినా విడుదల చేసేముందు ఒక సుగాలి తండాలో, ఒక యానాది కాలనీలో, ఒక ఎరుకల కాలనీలో ఐదుగురిని కూర్చోబెట్టి వాడించి చూడాల. ఐదుగురు చాలు లోపాల్లో చాలా భాగం బయటపడతాయని ఆ నీల్సనే 2000లో చెప్పినాడు. ఐదుగురికి ఒక దినం కూలి ఇయ్యలేని ప్రభుత్వమా ఇది?

రెండు: ప్రతి మెట్టూ తెలుగులో వినిపించాల. గోర్ బోలీలో, ఎరుకల భాషలో కూడా.

మూడు: వేలు పడకపోతే వేరే దారి అదే తెర మీద ఉండాల. కాగితం దారి మూయకూడదు.

నాలుగు: సగం నింపింది పోకూడదు. మళ్ళా వచ్చినప్పుడు ఆపిన కాడి నుంచే మొదలు కావాల.

ఐదు: కాదంటే ఎందుకు కాదో, ఎవరిని అడగాల్నో తెలుగులో, తేదీతో కాగితం ఇయ్యాల.

అవి వచ్చేదాకా మన చేతిలో పని ఒకటుంది. ఈసారి మీ అమ్మనో అవ్వనో వెనక్కి పంపితే ఊరికే రావద్దు. ఆ ఎర్రక్షరాల తెరను సెల్లులో ఫోటో తీయండి. తేదీ, ఎన్నోసారి తిరిగినారో, ఎంత కూలి పోయిందో రాయండి. పదిమందివి కలిపి సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి. ఒక్కరు చెప్తే "ఆమెకు తెలీదు" అంటారు. వందమంది అదే తెర చూపిస్తే తెలీనిది ఎవరికో తేలిపోతుంది.

ఇంటికి పోయి ఇంకో మాట కూడా చెప్పండి. నేను మా పెద్దమ్మకు చెప్పినా: "నీ వేలు బాగానే ఉంది పెద్దమ్మా. ఎన్ని వేల బుట్టలల్లింది ఆ వేలు. దాన్ని చదవలేని మెషిన్‌దే తప్పు."