తవ్వకం ఒకరిది, దగ్గు మరొకరిది

హైదరాబాదు పడమటి వైపు ఏ వీధిలోకి వెళ్లినా ఒక లోతైన గుంత కనిపిస్తుంది. రెండు, మూడు అంతస్తుల సెల్లార్ల కోసం నేలను తొలుస్తున్నారు. ఈ నగరం గ్రానైటు శిల మీద నిలిచి ఉన్నందున చాలాచోట్ల కొద్ది అడుగుల మట్టి తీయగానే రాయి తగులుతుంది. దానికి కంప్రెషరుతో రంధ్రాలు వేసి, మందు పెట్టి పేల్చి, ముక్కలను టిప్పర్లకు ఎత్తుతారు. అప్పుడు లేచే తెల్లటి పొడిని చూసి మనం ముక్కు మూసుకొని దాటిపోతాము. ఇల్లు కట్టేటప్పుడు దుమ్ము లేవదా అని సరిపెట్టుకొంటాము. అలా సరిపెట్టుకొనే హక్కు మనకు లేదని చెప్పడానికే ఈ వ్యాసం.

గ్రానైటులో సుమారు ఐదవ వంతు, కొన్నిచోట్ల అంతకు మించి, పలుగురాయి ఉంటుంది. అది సిలికా. పొడిగా రంధ్రం వేసినప్పుడు ఆ సిలికా అతి సూక్ష్మమైన రేణువులుగా గాలిలో కలుస్తుంది. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఊపిరితిత్తుల లోపలి వాయుగోణుల దాకా చేరే రేణువులు నాలుగైదు మైక్రాన్ల లోపువి. కంటికి కనిపించే దుమ్ము నేల మీద పడిపోతుంది. కనిపించనిదే లోపలికి పోతుంది. దానిని మింగిన రక్షక కణాలు చనిపోతాయి. ఆ చోట మచ్చ ఏర్పడి ఊపిరితిత్తి క్రమంగా గట్టిపడుతుంది. ఇదే సిలికోసిస్. దీనిని నయం చేసే మందు లేదు. పని మానేసిన తరువాత కూడా వ్యాధి ముదరవచ్చు. 1997లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ ధూళిని మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థంగా ప్రకటించింది.

సిలికోసిస్ ఉన్నవారికి క్షయ త్వరగా సోకుతుంది. పైగా ఎక్స్-రేలో రెండూ ఒకదానిని ఒకటి పోలి ఉండి వైద్యుడిని భ్రమింపజేస్తాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో నేను క్షయ మందులు రాసి పంపినవారిలో ఎందరు రాతి పనివారో నాకు తెలియదు. "ఏం పని చేస్తావు?" అన్న ప్రశ్న అందరినీ అడగలేదు. అది నా లోపమే. అయితే ఆ దుమ్మును రేపినవారిని ఇంతవరకు ఎవరూ ఏ ప్రశ్నా అడగలేదు.

చట్టం లేదా అంటే, ఉన్నది. 2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వం పర్యావరణ పరిరక్షణ నియమాలను సవరించింది. గాలిలో ధూళి పరిమితి మించిన నగరాలలో, తగిన ధూళి నివారణ చర్యలు లేకుండా మట్టి తవ్వరాదని అందులో స్పష్టంగా ఉన్నది. మట్టిని, ఇసుకను కప్పకుండా వదలరాదు. నీరు చల్లే ఏర్పాటు ఉండాలి. ఆ చర్యలేమిటో స్థలం వద్ద అందరికీ కనిపించేలా బోర్డు పెట్టాలి. మీ వీధిలోని గుంత దగ్గర ఫ్లాట్ల ధరల బోర్డు ఉంటుంది. ఈ బోర్డును ఎప్పుడైనా చూశారా?

నీటికి కరువు కదా అని నిర్మాణదారులు అంటారు. వారి మాటకు సమాధానం వారి గుంతలోనే ఉన్నది. సెల్లారులో ఊరే నీటిని మోటార్లు పెట్టి రాత్రింబవళ్లు రోడ్డు మీదికి తోడిపోస్తున్నారు. ఆ నీటినే తేర్చి డ్రిల్లు మొనకు, రాళ్ల కుప్పకు, టిప్పరు టైర్లకు వాడకూడదా? తడిగా రంధ్రం వేస్తే ధూళి పుట్టినచోటే అణిగిపోతుంది. నీటి ధారతో నడిచే వైరు రంపంతో రాతిని కోస్తే చాలాచోట్ల పేల్చే అవసరమే ఉండదు. ఖర్చు పెరుగుతుందని మరొక అభ్యంతరం. ఆ ఖర్చు ఇప్పుడు లేదని ఎవరన్నారు? పాలమూరు నుండి, ఒడిశా నుండి వచ్చిన కూలీ దానిని తన ఊపిరితో చెల్లిస్తున్నాడు. మూతికి చుట్టుకొన్న తువ్వాలు ఆ రేణువులను ఆపలేదు.

అందుచేత నేను కోరేది ఒక్కటే. నీటి ఏర్పాటు, చుట్టూ పరదా, కప్పిన టిప్పరు, కూలీలకు సరైన మాస్కులు, ఏటా ఛాతీ పరీక్ష ఉన్నాయని తనిఖీ చేసిన తరువాతే తవ్వకం మొదలు కావాలి. అవి కొరవడిన రోజున పని ఆగిపోవాలి. తరువాత విధించే జరిమానా నిర్మాణదారుకు మరొక చిల్లర ఖర్చు మాత్రమే.

ఫ్లాటు కొనబోయే పాఠకులారా, పార్కింగు ఎన్ని కార్లకో అడుగుతారు, ఈతకొలను ఉన్నదా అని అడుగుతారు. ఈసారి పునాది రాతిని తడిగా తొలిచారా, పొడిగా తొలిచారా అని కూడా అడగండి. కొనేవాడు అడిగిన ప్రశ్నకు అమ్మేవాడు జవాబు వెతుక్కోక తప్పదు.