రూపాయి బిళ్ళ పోతే కొండ మీద ఎవరికి నష్టం?

అరకు, హుకుంపేట, సుంకరమెట్ట, ముంచంగిపుట్టు. ఏ వారపు సంతకైనా కొండ దిగి వచ్చే ఆదివాసీ మహిళ ఒకే పూటలో రెండు రకాల బేరాలాడుతుంది. ముందు అమ్మాలి: కొండచీపుర్లు, అడ్డాకులు, చింతపండు, ఒక బుట్టెడు చిక్కుడుకాయలు. ఆ డబ్బు చేతిలో పడ్డాక కొనాలి: ఉప్పు, నూనె, ఎండుచేపలు, సబ్బు. రెండుచోట్లా లెక్క తేలేసరికి చివర రూపాయో రెండో మిగులుతాయి. అక్కడికి వచ్చేసరికి షావుకారు నోట ఒకటే మాట, చిల్లర లేదు. ఆమె అమ్మినప్పుడు పదమూడు రూపాయలు పది అవుతాయి. కొన్నప్పుడు అవే పదమూడు పదిహేను అవుతాయి.

సంతకు ఐదు రూపాయలే కదా అనుకోవచ్చు. వారానికి ఐదు చొప్పున ఏడాదికి 260. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే గట్టు తవ్వి సంపాదించిన ఒక రోజు కూలిలో ఎక్కువ భాగం చిల్లర లేదన్న మాటకే చెల్లిపోతుంది. ఇది వారానికి ఒక్క అమ్మకం, ఒక్క కొనుగోలు అనుకుని వేసిన లెక్క. సంతకు వెళ్ళినవాళ్ళెవరూ ఒక్క బేరంతో ఇంటికి రారు.

చిన్న నాణేలు ముద్రించడం దండగ అన్న వాదన ఇప్పుడు ప్రపంచమంతా బలంగా వినిపిస్తోంది. అమెరికా 2025 నవంబరు 12న ఫిలడెల్ఫియా టంకశాలలో, చలామణి కోసం కొట్టే ఒక సెంటు నాణేల ముద్రణ ఆపేసింది. ఒక్క సెంటు విలువ చేసే బిళ్ళకు 3.69 సెంట్లు ఖర్చవుతుంటే ఏ ఖజానా మాత్రం ఎంతకాలం భరిస్తుంది? కెనడా ఆ పని 2012లోనే చేసింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అంతకు ముందే చేశాయి. మన దగ్గర 25 పైసలు, అంతకు తక్కువ నాణేలకు 2011 జూన్ 30తో చెల్లుబాటు పోయింది. ధరలు, పన్నులు, ఖాతా లెక్కలు 50 పైసలకో, పూర్తి రూపాయికో సర్దుకోవాలని కేంద్రం అప్పుడే చెప్పింది.

చిత్రమేమిటంటే పావలా బిళ్ళ పోయినా పావలా లెక్క పోలేదు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహిళా సంఘాలకు 2004లో ప్రకటించిన పథకం పేరే పావలా వడ్డీ. వందకు నెలకు పావలా, ఏడాదికి మూడు రూపాయలు. ఊళ్ళలో అప్పిచ్చేవాడు ఇవాళ్టికీ వడ్డీని రూపాయల్లో, పావలాల్లోనే చెబుతాడు.

ఇప్పుడు వంతు రూపాయి బిళ్ళది. సమాచార హక్కు చట్టం కింద 2018లో బయటికొచ్చిన అంకెల ప్రకారం రూపాయి నాణెం తయారీకి సగటున రూపాయి 11 పైసలు, రెండు రూపాయల నాణేనికి రూపాయి 28 పైసలు, ఐదు రూపాయల నాణేనికి 3 రూపాయల 69 పైసలు, పది రూపాయల నాణేనికి 5 రూపాయల 54 పైసలు ఖర్చయ్యాయి. (ఆ 3.69 అంకె అమెరికా సెంటు ఖర్చుతో కలవడం కాకతాళీయం. అక్కడ అది నష్టం, ఇక్కడ లాభం.) టంకశాల నష్టపోయేది రూపాయి బిళ్ళ మీదే, అదీ బిళ్ళకు 11 పైసలు. పది రూపాయల బిళ్ళ మీద మాత్రం 4 రూపాయల 46 పైసలు మిగులుతుంది. ఒక్క పది రూపాయల నాణెం నలభై రూపాయి బిళ్ళల నష్టాన్ని పూడుస్తుందన్నమాట. చర్లపల్లి టంకశాల తన నాణేల మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం గుర్తు వేస్తుంది. నక్షత్రమున్న రూపాయి బిళ్ళ ఒకసారి బయటికొచ్చాక పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు తిరుగుతుంది, వేల చేతులు మారుతుంది. అన్ని బేరాలు తెగ్గొట్టే వస్తువు మీద ఒకేఒక్కసారి పడే 11 పైసల లోటును పట్టుకుని అది దండగ అనడం తొందరపాటే.

లోహం ధరకూ ముఖవిలువకూ పొంతన తప్పితే ముప్పు లేదని కాదు. మన నాణేలను సరిహద్దు దాటించి, కరిగించి బ్లేడ్లు చేస్తున్నారని 2007లో బెంగాల్ నుంచి వార్తలొచ్చాయి. 2011 నాణేల చట్టం నాణేలు కరిగించేవారికి ఏడేళ్ళ దాకా జైలుశిక్ష పెట్టింది. లోహం మార్చడం, బరువు తగ్గించడం ప్రభుత్వాలు ఎప్పటినుంచో చేస్తున్నదే. 1960ల్లో పైసలు తేలికపాటి అల్యూమినియానికి మారింది ఆ దారిలోనే. రూపాయి బిళ్ళ ఖర్చు తగ్గించే మార్గాలు అడుగంటలేదు.

కానీ ఖజానా లెక్క ఒకటైతే సంత లెక్క ఇంకొకటి. కెనడాలో సెంటు పోయినప్పుడు ప్రభుత్వం స్పష్టంగా మార్గదర్శకాలిచ్చింది. బిల్లు మొత్తం చివర ఒకటి, రెండు ఉంటే కిందికి, మూడు, నాలుగు ఉంటే పైకి సర్దాలి. ఒక్కో వస్తువు ధర మీద కాదు, బిల్లు మొత్తం మీద. కార్డుతో చెల్లిస్తే సర్దుబాటే ఉండదు. ఇలాగైతే కొన్నవాడికి ఈరోజు పోయింది రేపు తిరిగొస్తుంది. అమెరికా అలాంటి జాతీయ చట్టమేదీ తేకుండానే ముద్రణ ఆపేయడంతో పైకి సర్దాలో కిందికి సర్దాలో తెలియక దుకాణదారులు తలలు పట్టుకున్నారు.

సంతలో అసలు బిల్లే ఉండదు. తూకం ఒకరిది, లెక్క ఒకరిది, చిల్లర ఒకరిది. తరచూ ఆ ముగ్గురూ ఒక్కరే. కొన్ని సరుకులు ఇప్పటికీ తూకానికి కాక కుంచానికో, పోగుకో, కట్టకో తెగుతాయి. చేత సరుకు పెట్టుకుని, చీకటి పడకముందే కొండెక్కాల్సిన మనిషికి రూపాయి కోసం నిలబడి వాదించే తీరిక ఎక్కడిది? ఎటు సర్దాలో చెప్పే రాతపూర్వక నిబంధన లేనిచోట సర్దుబాటు ఎప్పుడూ బలమున్నవాడి వైపే ఒరుగుతుంది. కాఫీ గింజల లాంటి పెద్ద లెక్కల్లో రూపాయి ఎవరికీ కనిపించదు. అడ్డాకుల కట్ట దగ్గర కనిపిస్తుంది.

పాలకులకు ఈ సంగతి కొత్తేమీ కాదు. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయా పైసలు వచ్చినప్పుడు అణాకు ఆరుంపావు పైసలు లెక్క తేలింది. పావు పైసా నాణెం లేదు కాబట్టి అణాకు ఆరు, బేడకు పన్నెండు, పావలాకు ఇరవై ఐదు అని పట్టిక ముద్రించారు. ఆరా, ఏడా అన్నది అంగడివాడి దయకు వదల్లేదు. ఈ మధ్యే 2022లో తెలంగాణ ఆర్టీసీ చిల్లర సమస్య చెప్పి పల్లెవెలుగు చార్జీలను ఐదుల లెక్కకు మార్చింది. ప్రయాణికుడికి నచ్చినా నచ్చకపోయినా ఆ సర్దుబాటు టికెట్ మీద అచ్చయి ఉంటుంది. కండక్టర్ టికెట్ వెనక బాకీ రాసివ్వడం కన్నా అది మేలే.

ఇదంతా పాతకాలపు గొడవ, ఫోనుంటే చాలదా అని పట్నంవాళ్ళు అడుగుతారు. అరకు రోడ్డు పక్కన బొంగులో చికెన్ అమ్మే బండి మీదా క్యూఆర్ కోడ్ ఉంది, నిజమే. బొర్రా గుహలు చూడొచ్చిన పర్యాటకుడు 187 రూపాయలంటే సరిగ్గా 187 పంపిస్తాడు. ఆ బండికి పది అడుగుల దూరంలో సరుకు అమ్ముకునే ముసలామె దగ్గర స్మార్ట్‌ఫోన్ ఉండకపోవచ్చు. ఉన్నా, ఆమె ఊరు చేరేసరికి సిగ్నల్ ఉండకపోవచ్చు. కాబట్టి పైసాతో సహా కచ్చితమైన లెక్క ఫోనున్నవాడికి, చిల్లర లేదన్న మాట లేనివాళ్ళకు దక్కుతున్నాయి. నాణెం తీసేస్తే ఆ తేడా శాశ్వతమవుతుంది.

మరి లాభం తెచ్చే పది రూపాయల బిళ్ళ సంగతి? దాన్ని తెలుగు నేల మీద చాలాచోట్ల తీసుకోరు. అంచున పదిహేను గీతలుంటే దొంగదని, రూపాయి గుర్తు లేకపోతే చెల్లదని పుట్టిన పుకార్లు ఇంకా చావలేదు. పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది. ఖర్చు పెరిగిందని రూపాయి బిళ్ళ మీద కత్తి నూరేవాళ్ళు, ఆ ఖర్చును పూడ్చే బిళ్ళను జనమే రద్దు చేసేస్తుంటే పట్టించుకోకపోవడం వింతగానే ఉంది. ఏ శాసనమూ లేకుండా, ఏ గెజెట్టూ లేకుండా జరిగిన రద్దు ఇది. ఆ బిళ్ళతో ఉప్పు ప్యాకెట్ కొనబోయి వెనక్కి తిరిగొచ్చిన మనిషికి చెల్లుబాటు గురించి ఏ చట్టం చదివి వినిపిస్తాం?

50 పైసల నాణెం మాటకొస్తే దాన్ని పట్టుకుని వేలాడాల్సిన అవసరం లేదు. చట్టం ప్రకారం అది ఇంకా చెల్లుతుంది, కానీ దాన్ని ఇచ్చేవాడూ లేడు, పుచ్చుకునేవాడూ లేడు. సాగనంపొచ్చు. అయితే ఈసారి సాగనంపే పద్ధతి మారాలి. 2011లో పావలాలు మార్చుకోవడానికి బ్యాంకులకూ, రిజర్వు బ్యాంకు కార్యాలయాలకూ గడువు పెట్టారు. పాడేరు మన్యంలో ఒక గూడెం నుంచి బ్యాంకు మెట్లెక్కడానికి ఒక రోజు కూలి పోగొట్టుకోవాలి. చీర కొంగున ముడివేసి దాచిన పావలాల కోసం అంత ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

రూపాయి, రెండు రూపాయల బిళ్ళలను మాత్రం ఇప్పుడప్పుడే ముట్టుకోకూడదు. ముందు జరగాల్సిన పనులున్నాయి. ఆదివాసీలను దళారుల నుంచి కాపాడటానికే 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థకు మన్యమంతా డిపోలున్నాయి. అటవీ ఉత్పత్తుల కొనుగోలు కేంద్రాలున్నాయి. సంత రోజున బ్యాంకు నుంచి వెయ్యి, రెండు వేల రూపాయల చిల్లర మూటలు ఆ డిపోలకు చేరితే, అక్కడి నుంచి చిల్లర సంతలోకి వెళుతుంది. రిజర్వు బ్యాంకు చొరవతో బ్యాంకులు నాణేల మేళాలు పట్టణాల్లో పెడుతూనే ఉన్నాయి. ఒకటి అరకు సంతలో పెడితే తప్పేమిటి? డిపోల్లో, రేషన్ దుకాణంలో, ఆర్టీసీ బస్సులో పది రూపాయల బిళ్ళను మారుమాట లేకుండా తీసుకోవాలని జిల్లా కలెక్టర్ ఒక్క ఆదేశమిస్తే పుకారు సగం చస్తుంది. సర్దుబాటు తప్పనిసరైతే అది మొత్తం లెక్క మీదే జరగాలని, దగ్గరి ఐదుకు మాత్రమే జరగాలని తెలుగులోనూ, ఆదివాసీ ఒడియాలోనూ బోర్డు రాసి సంత గేటు దగ్గర పెట్టాలి. చింతపండు కొనుగోళ్ళు మొదలయ్యేలోపు పాడేరు ఐటీడీఏ ఈ పని రెండు మూడు సంతల్లో చేసి చూడొచ్చు. దీనికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.