వకీలు మంత్రి అయితే ఇన్సాఫ్‌కు ఏమవుతుంది? సికింద్రాబాద్ శివశంకర్ చెప్పే పాఠం

సికింద్రాబాద్ లోక్‌సభ సీటు అంటే ఇప్పుడు పార్టీల లెక్కలే గుర్తొస్తాయి. ఒకప్పుడు ఇక్కడి నుంచే అహ్మద్ మొహియుద్దీన్, బాకర్ అలీ మీర్జా, ఎం.ఎం. హాషిం పార్లమెంటుకు వెళ్లారు. వాళ్ల తర్వాత 1979 ఉప ఎన్నికలో గెలిచిన పి. శివశంకర్ దారి వేరు. ఆయన కోర్టు నుంచి రాజకీయాల్లోకి వచ్చిన మనిషి.

1929లో పుట్టిన ఆయన బీసీ కుటుంబం నుంచి వచ్చి, ఉస్మానియాలో లా చదివి, వకీలుగా పేరు తెచ్చుకున్నారు. 1974లో హైకోర్టు జడ్జి అయ్యారు. మరుసటి ఏడాదే రాజీనామా చేశారు. 1980లో మళ్లీ గెలిచి, ఇందిరా గాంధీ సర్కారులో న్యాయశాఖ మంత్రి అయ్యారు.

అసలు సంగతి ఇక్కడే మొదలవుతుంది. 1981 మార్చి 18న ఆయన చాలా రాష్ట్రాల ముఖ్యమంత్రులకు ఒక సర్క్యులర్ పంపారు. వేరే రాష్ట్రం హైకోర్టుకు వెళ్లడానికి మీ అడిషనల్ జడ్జీల అంగీకారం తీసుకోండి అన్నది దాని సారాంశం. ప్రతి హైకోర్టులో మూడో వంతు జడ్జీలు బయటివాళ్లుంటే కులం, బంధుత్వాల మొహమాటం తగ్గుతుందన్నది చెప్పిన కారణం. వినడానికి మంచి మాటే. కానీ అడిషనల్ జడ్జి పదవి మహా అయితే రెండేళ్లు. తర్వాత కొనసాగించాలా వద్దా అన్నది అప్పట్లో సర్కారు చేతిలో ఉండేది. పదవి పొడిగింపు కోసం ఎదురుచూసే జడ్జిని ఇలా అడిగితే అది అడగడమా, బెదిరించడమా?

బొంబాయిలో ఇక్బాల్ చాగ్లా, అలహాబాద్‌లో ఎస్.పి. గుప్తా లాంటి వకీళ్లు కోర్టుకెక్కారు. 1981 డిసెంబర్ 30న ఏడుగురు జడ్జీల సుప్రీంకోర్టు బెంచ్ తీర్పు ఇచ్చింది. జడ్జీల నియామకంలో చివరి మాట సర్కారుదే అని మెజారిటీ తేల్చింది. మంత్రి గెలిచినట్టే.

అయితే అదే తీర్పు ఇంకో తలుపు తెరిచింది. పేదరికం వల్ల, నిస్సహాయత వల్ల కోర్టుకు రాలేని వాళ్ల తరఫున ఇంకొకరు రావచ్చు అని చెప్పింది. ప్రజా ప్రయోజన వ్యాజ్యానికి గట్టి పునాది పడింది. నియామకాల ఫైళ్లు దాచడం కుదరదని కూడా చెప్పింది.

1987 నవంబర్‌లో హైదరాబాద్‌లో వకీళ్ల సభలో శివశంకర్ సుప్రీంకోర్టునే కడిగేశారు. కోర్టు ఎప్పుడూ జమీందార్లు, డబ్బున్నోళ్ల పక్షమే వహించిందన్నారు. కోర్టు ధిక్కారం కింద శిక్షించమని పిటిషన్ పడింది. 1988లో జస్టిస్ సబ్యసాచి ముఖర్జీ బెంచ్ దాన్ని కొట్టేసింది. న్యాయవ్యవస్థను విమర్శించే హక్కు ప్రజాస్వామ్యంలో ఉందన్నది.

జడ్జీలను కదిలించే అధికారం చేతికొచ్చినప్పుడు వాడిన మనిషీ, కోర్టు పేదోడి పక్షం లేదని నిలదీసిన మనిషీ ఒక్కరే. కాబట్టి నాయకుడి పుట్టుక, చదువు చూసి నమ్మేయకూడదు. అధికారంపై కళ్లెం ఉందా లేదా అన్నదే చూడాలి.

సర్కారుకిచ్చిన ఆ చివరి మాట 1993లో పోయి, కొలీజియం వచ్చింది. దాన్ని మార్చే చట్టాన్ని 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కొలీజియంలోనూ లోపాలున్నాయి. మూసిన గదిలో పేర్లు ఖాయమవుతాయి. మైనారిటీలు, దళితులు, మహిళలు పై కోర్టుల్లో ఇప్పటికీ తక్కువే. అయినా జడ్జిని సర్కారు దయకు వదిలేయడం దానికి మందు కాదు.

ఇది వకీళ్ల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. 2024 నవంబర్ 13న, ఇల్లు కూల్చాలంటే కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. జమియత్ ఉలమా-ఎ-హింద్ కూడా ఆ కేసులో పిటిషనరే. వక్ఫ్ చట్టం గొడవా ఆ కోర్టు మెట్లే ఎక్కింది. రేపు మన ఇంటి గోడకు నోటీసు అంటిస్తే మనం నిలబడేది కూడా ఒక జడ్జి ముందే. ఆయన తన పదవి కోసం భయపడే మనిషి కాకూడదు. ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ రోడ్డు, నల్లా గురించి అడుగుదాం. దాంతోపాటు, జడ్జీలను ఎవరు, ఎలా ఎంచుకోవాలంటారు అని కూడా అడుగుదాం.