యాత్రలో నాటకానికి చోటు లేదా?



బడులకు వేసవి సెలవులు ఇవ్వగానే మన ఇళ్లలో యాత్రల ఆలోచన మొదలవుతుంది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగువారు తంజావూరు, కుంభకోణం, శ్రీరంగం చుట్టి రావడం పాత అలవాటే. పెద్ద కోవెల ముందు ఫోటోలు, కుంభకోణంలో కాఫీ, ఒక ఇత్తడి కుంది, పిల్లలు అలిగితే దారిలో ఏదో ఒక నీళ్ల ఆటల పార్కు. ఇంతటితో యాత్ర ముగుస్తుంది. ఈ నాలుగు రోజులలో పిల్లల చెవిన పడిన తెలుగు ఎంత అని ఎవరైనా లెక్క చూశారా? బండిలో అమ్మ మందలింపు, నాన్న తొందర, అంతకు మించి ఏమీ లేదు.

తంజావూరికి సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో మెలట్టూరు అనే గ్రామం ఉన్నది. అక్కడి వరదరాజ పెరుమాళ్ కోవెల ముందు ఏటా నృసింహ జయంతికి భాగవతమేళ నాటకాలు ఆడతారు. అవి తెలుగు నాటకాలు. త్యాగరాజస్వామి కాలంవాడైన మెలట్టూరు వెంకటరామశాస్త్రి రచించిన ప్రహ్లాద చరిత్రము, ఉషా పరిణయము, మార్కండేయ చరిత్రము, హరిశ్చంద్ర మొదలైనవి నేటికీ అక్కడ రంగస్థలం మీద బ్రతికి ఉన్నాయి. నృసింహ జయంతి వైశాఖ శుద్ధ చతుర్దశి. సాధారణంగా మే నెలలో, అంటే మన సెలవులలోనే వస్తుంది. దారి మనం ఎరిగినదే, సెలవులు ఉన్నాయి, భాష మనది. అయినా ఆ ఊరి మలుపు దాటి ముందుకు పోతున్నాము.

మనం సిగ్గుపడవలసిన సంగతి మరొకటి ఉన్నది. ఆ నాటకాలు ఆడేవారు ఇంట మాట్లాడేది తమిళం. తెలుగు వచనాలను, దరువులను పెద్దల నోట విని, కంఠస్థం చేసి పిన్నలకు అప్పగిస్తున్నారు. పట్టణాలలో ఉద్యోగాలు చేసుకొనేవారు సైతం ఉత్సవానికి ఊరు చేరుకుంటారు. స్త్రీ పాత్రలనూ పురుషులే ధరిస్తారు. నృసింహ పాత్రధారి ఆనాడు ఉపవాసం ఉంటాడు. ఆయన ధరించే నృసింహుని ముఖానికి పూజలు చేస్తారు. ఇంట తెలుగు లేనివారు తెలుగు మాటను ఇంత నిష్ఠతో కాపాడుతుండగా, ఇంట తెలుగు ఉన్న మనం మన పిల్లలకు ఒక్క రాత్రి కేటాయించలేమా?

దీనికి తల్లిదండ్రులు చెప్పే సాకులు నాకు కొత్త కావు. మొదటిది, “ఆ తెలుగు పిల్లలకు అర్థం కాదు” అన్నది. సినిమా పాటలు ప్రతి మాటా అర్థమై పాడుతున్నారా? హిరణ్యకశిపుడు కళ్లెర్రజేసి కొడుకును నిలదీసేటప్పుడు, మాట తెలియకపోయినా సందర్భం తెలుస్తుంది. ఆ సందర్భమే మాటకు అర్థం చెబుతుంది. పసితనంలో మనమందరమూ భాష నేర్చుకొన్న పద్ధతి ఇదే కదా!

రెండవది, “రాత్రంతా మేలుకోలేరు” అన్నది. తెల్లవారే దాకా మేలుకొమ్మని ఎవరూ బలవంతం చేయరు. మన అవ్వలు చాప, దుప్పటి చంకన పెట్టుకొని నాటకానికి వెళ్లలేదా? ఆరంభంలో కోణంగి గంతులు వేస్తూ వస్తాడు. తరువాత వినాయకుని ముఖం ధరించి ఒక చిన్న బాలుడు వస్తాడు. తన ఈడు పిల్లవాడు అంతమంది ఎదుట నిలబడగా చూచిన మన పిల్లవాడు నిద్రపోతాడని నేను అనుకోను. ఆ పైన నిద్రపోతే పోనివ్వండి.

మూడవది, “ఇవన్నీ యూట్యూబులో దొరుకుతాయి” అన్నది. దొరుకుతాయి. కాని విసుగు పుట్టిన క్షణంలో పిల్లవాని వేలు దానిని దాటవేస్తుంది. రంగస్థలం ముందు కూర్చున్నవాడు పాత్ర మాట పూర్తి అయ్యేవరకు వినవలసిందే. మన పిల్లలు కోల్పోతున్నది సరిగ్గా ఈ వినికిడినే.

ఈ విషయంలో నా ఆవేదనకు కారణం ఉన్నది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత ఈ రాష్ట్రంలో తమిళం ఒకటవ తరగతి మొదలుకొని అంచెలంచెలుగా నిర్బంధ పాఠ్యాంశమయింది. మన మాతృభాషకు న్యాయం కోరే పోరాటం వేరే ఉన్నది, అది సాగవలసిందే. ఈలోగా తెలుగు ధారాళంగా మాట్లాడి, తన పేరు తెలుగులో వ్రాయలేని తరం మన కళ్ల ముందే పెరిగింది. అటువంటి బిడ్డకు పోతన భాగవతం ఇచ్చినా మూసి ఉన్న పెట్టె వంటిదే. ఆ ప్రహ్లాదుని కథనే మంచి తెలుగులో చెవికి అందించగలది నాటకం. లిపి రాని పిల్లవానికి సాహిత్యం చేరే దారి అది. దానిని కూడా మనమే మూసివేస్తే నేరం ప్రభుత్వానిది మాత్రమే కాదు.

కర్ణాటకలోని మిత్రులు హైదరాబాదు వెళ్లినప్పుడు, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సంప్రదాయపు ప్రదర్శన ఉన్నదేమో విచారించండి. చిత్తూరు ప్రాంతంలో బంధువులు ఉన్నవారు వేసవిలో ద్రౌపదమ్మ గుళ్ల వద్ద జరిగే భారత ఉత్సవాలకు వెళ్లండి. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. భక్తి ఉన్నవారు భక్తితో వెళ్లండి, లేనివారు భాష కోసం వెళ్లండి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. సెలవులకు ముందే తిథి, తేదీ తెలుసుకొని తల్లిదండ్రులకు తెలియజేయండి. కథను తరగతిలో ముందుగా చెప్పి పంపండి. తిరిగి వచ్చిన బిడ్డను వ్యాసం వ్రాయమని వేధించకండి. చూచినది నోటితో చెప్పమనండి. ఆ చెప్పడంలో ఒక కొత్త తెలుగు మాట దొర్లితే, దానిని నల్లబల్ల మీద వ్రాసి ఆ అక్షరాలతోనే పాఠం మొదలుపెట్టండి.